నిలబడి చూసిన జనం, రహీం సాబ్ నిలబెట్టిన ఆట

ఖరగ్‌పూర్ అనగానే ఇవాళ చాలామందికి గుర్తొచ్చేవి రెండు. కిలోమీటరు దాటిన పొడవైన ప్లాట్‌ఫారం ఒకటి, మహేంద్ర సింగ్ ధోనీ టికెట్లు తనిఖీ చేసిన రోజులు మరొకటి. తాల్‌బగీచా లాంటి పేటలు చుట్టూ అల్లుకున్న ఈ రైల్వే ఊళ్లో ఫుట్‌బాల్ మాట ఎత్తితే మాత్రం కథ ఇంకాస్త వెనక్కి, బీఎన్ఆర్ అనే మూడక్షరాల దగ్గరికి వెళ్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వేలాది తెలుగువాళ్లను తెచ్చి ఇక్కడి వర్క్‌షాపులో నిలబెట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే అది. 1955లో అది ఆగ్నేయ రైల్వే అయింది. కోల్‌కతా లీగ్‌లో ఆడే ఫుట్‌బాల్ జట్టు మాత్రం పాత పేరు వదల్లేదు, బీఎన్ఆర్‌గానే ఉండిపోయింది.

1963లో ఆ జట్టులోకి ఒక పెద్ద ఆటగాడు వచ్చాడు. తులసీదాస్ బలరామ్. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడ కుర్రాడు, ఈస్ట్ బెంగాల్ అభిమానులు నెత్తిన పెట్టుకున్న ఫార్వర్డ్, అంతకు ముందు ఏడాది ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టు సభ్యుడు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. ముప్పై ఏళ్లయినా నిండకుండానే ఆట మానేయాల్సి వచ్చింది. అదే 1963లో, జూన్ 11న, ఆయన్ను ఆటగాడిగా మలిచిన గురువు క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆ గురువు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో అందరికీ రహీం సాబ్.

భారత ఫుట్‌బాల్‌లో మంచి రోజులు అని ఎవరు ఏ కాలాన్ని తలుచుకున్నా, అది దాదాపు ఈయన కోచ్‌గా ఉన్న కాలమే అయి ఉంటుంది. 1951 నుంచి 1962 దాకా రెండు ఆసియా స్వర్ణాలు, ఒక ఒలింపిక్స్ నాలుగో స్థానం. అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు.

బడి పంతులు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టుకు ఆడాడు. తర్వాత స్థానిక లీగ్‌లో పేరున్న ఖమర్ క్లబ్‌కు ఆడాడు. ఆటగాడిగా దేశం గుర్తుపెట్టుకునేంత పేరేమీ రాలేదు. జీతం వచ్చింది బడి నుంచి. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆ పనీ చూసుకున్నాడు. ఈ బడి పంతులు బుద్ధి ఆయన్ను చివరిదాకా వదల్లేదు. పిల్లవాడికి ఏది రాదో ముందు కనిపెట్టి, అదే పదే పదే చేయించడం ఆయన పద్ధతి.

అప్పటి హైదరాబాద్ ఫుట్‌బాల్ రెండు ఊళ్ల ఆట. ఇటు పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే ముస్లిం కుర్రాళ్లు. అటు సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో సైన్యం వెంట వచ్చి స్థిరపడిన తమిళ కుటుంబాల పిల్లలు, క్రైస్తవ పిల్లలు, వాళ్లకు ఎదురాడే బ్రిటిష్ రెజిమెంట్ జట్లు. గోషామహల్ పోలీసు మైదానం, ఫతే మైదాన్, జింఖానా, బొల్లారం. వీటిలో చాలావాటికి గ్యాలరీ అని చెప్పుకోదగ్గది ఉండేది కాదు. గీత బయట జనం నిలబడేవాళ్లు. ముందు వరసలో వాళ్లు కూర్చుంటే వెనక వాళ్లకు కొంచెం కనిపించేది, లేదంటే మడమలెత్తి చూడడమే.

నిలబడి చూసే జనానికి ఒక రుచి ఉంటుంది. వాళ్లకు కావలసింది బంతి కాలికి అతుక్కుపోయినట్టు ముగ్గురిని దాటించే మొనగాడు. అలాంటివాడికే చప్పట్లు, ఈలలు. బూట్లు లేని కాలితో బంతిని నిమిరి పక్కకు తప్పించే నేర్పు మన దేశంలో దండిగా ఉండేది. రహీం ఆ నేర్పును తక్కువగా చూడలేదు. కానీ దాని మీదే బతికితే జట్టు గెలవదని చాలా ముందే గ్రహించాడు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాక ఆయన పెట్టించిన పోటీలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషిద్ధం, బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకొకదానిలో కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే తన్నాలి. చిన్న పిల్లలకు వయసును, ఎత్తును బట్టి వేరే పోటీలు, పొట్టివాడు పొడుగువాడి కింద నలిగిపోకుండా.

చూడ్డానికి వచ్చినవాళ్లకు అసలు మజా లాగేసుకునే పోటీలివి. అయినా పదేళ్లు తిరగకుండా దేశానికి ఆడే ఆటగాళ్లు వరసగా ఈ మైదానాల నుంచే వచ్చారు. హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్, బ్యాక్ అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, ఆ తర్వాత యూసుఫ్ ఖాన్. సికింద్రాబాద్ వైపు నుంచి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, బలరామ్, ఏషియా పీలే అని పేరు తెచ్చుకున్న కన్నన్.

పోలీసు జట్టు

1950 నుంచి రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత చూశాడు. సంస్థానం భారతదేశంలో కలిసి అప్పటికి రెండేళ్లు. ఆ ఏడాది ఢిల్లీలో డ్యూరాండ్ కప్ చాలా ఏళ్ల విరామం తర్వాత మళ్లీ మొదలైంది. ఫైనల్లో కోల్‌కతా మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు ఎగరేసుకుపోయింది హైదరాబాద్ పోలీసులు. బొంబాయిలో రోవర్స్ కప్ అయితే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు వాళ్లదే. డ్యూరాండ్ మళ్లీ 1954లో, 1957లో, ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1961లో. సంతోష్ ట్రోఫీ కూడా 1956-57, 1957-58లో హైదరాబాద్‌కే దక్కింది.

ఇదంతా ఉద్యోగం ఇచ్చి ఆడించే పద్ధతిలో సాగింది. ఆటగాడికి క్లబ్ డబ్బు ఇవ్వదు, పోలీసు శాఖ కొలువు ఇస్తుంది. నెల జీతం, పింఛను, ఒంటి మీద యూనిఫాం. పేద ఇంటి కుర్రాడికి అంతకంటే పెద్ద బహుమతి ఏముంటుంది?

అందరికీ ఆ గడప దాకా చేరే స్తోమత కూడా ఉండేది కాదు. బలరామ్ కథే తీసుకోండి. కుర్రాడిగా ఆయన వేసుకున్న బూట్లు, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి దగ్గర చేయించుకున్నవని చెప్పేవాడు. రహీం అతన్ని ఒక మ్యాచ్‌లో చూసి హైదరాబాద్ వచ్చి ఆడమన్నాడు. అమ్ముగూడ నుంచి రోజూ రాకపోకలకు ఇంట్లో డబ్బు లేదు. అద్దె సైకిలుకని రహీం రోజుకో రూపాయి చేతిలో పెట్టాడు. ఆ రూపాయి ఖర్చు ఏ సంఘం పద్దులో రాసుకున్నాడో తెలియదు కానీ, బడి పంతులు జీతంలో రోజుకో రూపాయి అంటే చిన్న మొత్తం కాదు. 1956లో బలరామ్ మెల్‌బోర్న్ విమానం ఎక్కాడు.

హెల్సింకీ దెబ్బ

రహీం జీవితాన్ని గెలుపుల వరసగా చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో స్వర్ణం వచ్చింది. సొంత జనం ముందు, సొంత గడ్డ మీద. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్. చలిలో, తడిసిన గడ్డి మీద, జట్టులో చాలామంది ఉత్త కాళ్లతో యుగోస్లావియాకు ఎదురు నిలిచారు. 10-1తో ఓడారు. ఒక్క మ్యాచ్‌తో తిరుగు ప్రయాణం.

1948లో లండన్‌లో ఉత్తకాళ్లతోనే ఫ్రాన్స్‌ను దాదాపు నిలువరించినప్పుడు మన పత్రికలు మురిసిపోయాయి. హెల్సింకీ ఆ మురిపెం దించేసింది. ఆ తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. మన దగ్గర మ్యాచ్‌లు 90 నిమిషాల కంటే తక్కువసేపు ఆడే అలవాటూ దెబ్బ తీసింది. చివరి అరగంటలో కాళ్లు లేవని జట్టు ఎంత నేర్పున్నా ఏం లాభం?

రహీం హెల్సింకీ నుంచి ఇంకొకటి పట్టుకొచ్చాడు. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది హంగరీ. మరుసటి ఏడాది వెంబ్లీలో, లక్షమంది చూస్తుండగా ఇంగ్లండ్‌ను 6-3తో కూల్చిన జట్టు అదే. వాళ్ల ఎత్తు ఒక్కటే. సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి జారతాడు, అతన్ని కాపలా కాయాల్సిన బ్యాక్ అతని వెంట వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా తేల్చుకోలేక చిక్కుబడతాడు. రహీం తన జట్లలో ఆ అమరికను ప్రయత్నించాడు. 1958లో బ్రెజిల్ 4-2-4తో ప్రపంచ కప్ గెలవడానికి ముందు నుంచే ఆయన ఆలోచన అటు నడుస్తోంది. హైదరాబాద్ బడిలో పనిచేసే ఒక మనిషి యూరప్‌ను ఇంత దగ్గరగా గమనించడం, గమనించింది మక్కీకి మక్కీ దించకుండా మన కుర్రాళ్ల కాళ్లకు తగ్గట్టు మార్చుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

దాని ఫలం 1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్‌లో కనిపించింది. మొదటి రౌండులో హంగరీ రాకపోవడంతో భారత్ నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లింది. అక్కడ ఆస్ట్రేలియాను సొంత జనం ముందే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టాడు, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి ఆసియా ఆటగాడు అతనే. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియా. ఈసారి ముందు గోల్ కొట్టింది మనమే, నెవిల్‌దే. చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ల క్రితపు 10-1 పక్కన పెట్టి చూడండి. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా గెలిచింది. నాలుగో స్థానం.

కోట గట్టు మీద

హైదరాబాద్ ఆటగాడిని తయారుచేస్తే, కోల్‌కతా అతన్ని హీరోని చేసేది. డబ్బూ అక్కడే, జనమూ అక్కడే. 1950ల మొదట్లో ఈస్ట్ బెంగాల్ ముందు వరసలోని ఐదుగురిని పంచ పాండవులనేవాళ్లు, వాళ్లలో ఒకరు తెలుగు పేరున్న అప్పారావు. 1957లో బలరామ్ ఆ క్లబ్‌కే వెళ్లాడు.

ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు 115 కిలోమీటర్లు. లోకల్ రైలు దిగి నదిని దాటితే మైదాన్. అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ క్లబ్బుల మైదానాల చుట్టూ చెక్క గ్యాలరీలు. టికెట్టు దొరకనివాళ్లకు, కొనలేనివాళ్లకు ఫోర్ట్ విలియం వైపున్న గడ్డి గట్టు. వాలు మీద భుజానికి భుజం ఆనించి జనం నిలబడేవాళ్లు. వెనక వరసల వాళ్ల కోసం అట్టతో, రెండు అద్దం ముక్కలతో చేసిన పెరిస్కోపులు అమ్మేవాళ్లు. పైసా లేకుండా ఆట చూడగలిగిన చోటు అది. ఆటగాడి పేరుతో ఒక తరం జ్ఞాపకం మొత్తం ముడిపడిన చోటు కూడా.

దాన్ని మరీ బంగారు పూతతో తలుచుకోవడానికి లేదు. లైన్లలో తోపులాటలు, గుర్రాల మీద పోలీసులు, లాఠీలు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు క్లబ్బుల మ్యాచ్‌లో గొడవ చెలరేగి 16 మంది చనిపోయారు. 1989లో ఇంగ్లండ్‌లో హిల్స్‌బరో గ్యాలరీలో జనం ఒకరి మీద ఒకరు నలిగి 97 మంది ప్రాణాలు పోయాక, అక్కడి పెద్ద స్టేడియంలలో నిలబడే గ్యాలరీలు ఎత్తేశారు. ఎదురుగా ఆట ఎంత అందంగా ఉన్నా, నిలబడినవాడి ప్రాణానికి అప్పట్లో ఎవరూ పూచీ పడలేదు.

కోల్‌కతా ఆకర్షణ గురించి రహీం ఏమనుకున్నా, ఒక నిజం ఆయన కళ్లముందే జరిగింది. ఆయన తీర్చిదిద్దినవాళ్లలో మేలైనవాళ్లు చాలామంది హౌరా రైలెక్కారు. దేశానికి ఇది లాభమే. బలరామ్, ప్రదీప్ కుమార్ బెనర్జీ, చునీ గోస్వామి ముగ్గురూ ఒకే వరసలో నిలిచింది కోల్‌కతా ఆట పుణ్యమే. హైదరాబాద్‌కు మాత్రం ప్రతి ఏడాదీ కొత్తవాళ్లను వెతుక్కోవాల్సిన పరిస్థితి. వెతికేవాడు ఉన్నన్నాళ్లు ఊరికి లోటు తెలియలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ ముగ్గురితో వెళ్లిన జట్టు హంగరీ చేతిలో 2-1తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1గా నిలిచింది, పెరూ చేతిలో 3-1తో ఓడింది. ముందుకు వెళ్లలేదు కానీ ఎవరూ వాళ్లను తేలిగ్గా తీసుకోలేకపోయారు. ఆ జట్టులో రహీం కొడుకు హకీం కూడా ఉన్నాడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. జట్టు ఎంపికలో తండ్రి ఏ పాత్ర పోషించాడన్నది పక్కన పెడితే, బెంచి మీద కూర్చోబెట్టిందీ తండ్రే.

లక్షమంది ఎదురుగా

1962 నాటికి రహీం ఊపిరితిత్తులకు క్యాన్సర్ పట్టింది. ఆ ఒంటితోనే ఆగస్టులో జట్టుతో జకార్తా వెళ్లాడు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2. ఈలోగా డిఫెన్స్‌కు ఆయువుపట్టయిన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. తంగరాజ్ జ్వరంతో పడుకున్నాడు.

మైదానం బయట ఇంకో చిక్కు. ఇండోనేషియా ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనడం తగదని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ పట్టుబట్టాడు. జకార్తా వీధుల్లో భారత్ పేరు చెబితే మండిపడే పరిస్థితి వచ్చింది. ఫైనల్‌కు ముందు రోజు భారత దౌత్య కార్యాలయం మీద గుంపు దాడి చేసింది. స్టేడియానికి వెళ్లే బస్సులో తలపాగా వల్ల గుర్తుపడతారని జర్నైల్‌ను కింద కూర్చోబెట్టి తీసుకెళ్లారని ఆ జట్టువాళ్లు చెప్పుకునేవారు.

సెప్టెంబరు 4. సెనయాన్ స్టేడియంలో లక్షమంది దాకా జనం. జాతీయ గీతం వినపడనంత గోల. రహీం ఆ రోజు తీసుకున్న నిర్ణయం చాలామంది కోచ్‌లు తీసుకోరు. తలకు కుట్లు పడిన డిఫెండర్‌ను వెనక కాకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టాడు. బెనర్జీ 17వ నిమిషంలో మొదటి గోల్ కొట్టాడు. మూడు నిమిషాలకు రెండోది, జర్నైల్‌దే. కొరియా ఆట చివర్లో ఒకటి తగ్గించింది. 2-1. వారం కిందట తమను ఓడించిన జట్టునే ఓడించి స్వర్ణం తెచ్చుకున్నారు. ఆ లక్షమందిలో భారత్ కోసం అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టువాళ్లేనని తర్వాత మన ఆటగాళ్లు చెప్పారు.

హైదరాబాద్ మైదానాల్లో డ్రిబ్లింగ్ మాన్పించి పాస్ నేర్పిన మనిషికి, జనం చప్పట్లు లేకుండా ఆడడం ఎలాగో తెలుసు. జకార్తాలో పనికొచ్చింది ఆ చదువే.

తర్వాత

తిరిగి వచ్చిన తొమ్మిది నెలలకు రహీం పోయాడు. వయసు 53. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం అప్పటికి పుట్టనేలేదు, అది 1985లో వచ్చింది.

ఆయన వదిలి వెళ్లిన జట్టు 1964 ఆసియా కప్‌లో రెండో స్థానంలో నిలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. మళ్లీ గెలవలేదు. 1968లో కన్నన్ సరైన వైద్యానికి డబ్బు లేక చనిపోయాడు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ హైదరాబాద్ కుర్రాడు సయ్యద్ నయీముద్దీన్, కోచ్‌లలో ఒకరు జకార్తాలో మొదటి గోల్ కొట్టిన ప్రదీప్ కుమార్ బెనర్జీ. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ గెలిచిన చివరి పతకం అది. పోలీసు జట్టు పేరు పెద్ద టోర్నమెంట్ల ఫలితాల్లో కనిపించడం మానేసింది. ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియం అయింది, దాని పేరు చెబితే జనానికి క్రికెట్టే గుర్తొచ్చే కాలం వచ్చింది. బడిపిల్లలకు ఎత్తును బట్టి పోటీలు, ఎడమకాలి పోటీలు పెట్టే మనిషి దొరకలేదు. పోలీసు కొలువులు ఉన్నాయి, మైదానాలు కొన్ని మిగిలాయి, కుర్రాళ్లూ ఉన్నారు. రోజూ సాయంత్రం వెళ్లి చూసే కళ్లే కరువయ్యాయి. ఒక్క మనిషి మీద ఇంత భారం మోపి, ఆ పని ఇంకొకరు నేర్చుకునే ఏర్పాటు చేయకపోవడం ఆయన తప్పు కాదు, ఆయన చుట్టూ ఉన్న సంఘాలది.

బలరామ్ హైదరాబాద్ తిరిగి రాలేదు. రైల్వే ఉద్యోగంతో బెంగాల్‌లోనే ఉండిపోయి, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరిగా బతికాడు. రహీం జీవితం మీద తీసిన మైదాన్ సినిమా 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. అప్పటికి బెనర్జీ, చునీ గోస్వామి వెళ్లిపోయి నాలుగేళ్లయింది. హకీం 2022 ఆగస్టులో, బలరామ్ 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు.